కుక్క నీళ్లు ఎక్కువ తాగుతోందంటే

చిరంజీవి డాక్టరమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. క్లినిక్ పెట్టిన కొత్తలోనే హార్మోన్ కేసులు వరసగా వస్తున్నాయని టెన్షన్ పడకు. షుగర్, కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే వచ్చే కుషింగ్స్, థైరాయిడ్ తగ్గడం, ఆ కార్టిసాల్ తక్కువైతే వచ్చే అడిసన్స్, అన్నీ నెమ్మదిగా ముదిరేవే, పైకి ఒకదానిలా ఒకటి కనిపించేవే. అందుకే నీకు ముందుగా ఒక మాట చెబుతున్నాను. హార్మోన్ పరీక్ష రాసే ముందు, ఈ కుక్కలో నేను దేన్ని అనుమానిస్తున్నాను, ఎందుకు అన్నది కేస్ షీట్ మీద రాసుకో. అనుమానం లేకుండా మొత్తం ప్యానెల్ పంపిస్తే ఏదో ఒక అంకె తేడాగా రాక మానదు. ఇక దాని వెంటపడి లేని జబ్బుకి నెలల తరబడి మందులు వాడిస్తాం.

నీళ్లు ఎక్కువ తాగుతోందని చెప్పుకుంటూ వచ్చేవాళ్లు తక్కువ. "ఇన్నాళ్లూ బుద్ధిగా ఉండేదండీ, ఈమధ్య హాల్లోనే పోసేస్తోంది" అంటారు. రాత్రిళ్లు లేపుతోందంటారు. పోసిన చోట చీమలు పడుతున్నాయని ఎవరైనా అన్నారంటే రోగం పేరు వాళ్లే సగం చెప్పేసినట్టు. మొండికేసిందనుకుని కొట్టినవాళ్లు కూడా వస్తారు. వాళ్లని మందలించకు. అది జబ్బు, దాని చేతుల్లో లేదని నిదానంగా చెప్పు.

ఎంత తాగుతోందో కొలిపించు. పొద్దున లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయాలి, మధ్యలో పోసిందల్లా రాసుకోవాలి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలవాలి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే ఆ రోజుకి విడిగా ఉంచాలి, బాత్‌రూమ్ బకెట్ మీద మూత పెట్టాలి. రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటితే లెక్కలోకి తీసుకోవాల్సిందే. అంటే 10 కిలోల కుక్కకి లీటరు. పెరుగన్నం, మజ్జిగన్నం తినే కుక్కకి తిండిలోనే బోలెడు తడి అందుతుంది కాబట్టి గిన్నెలో నీళ్లు ఇంకా తక్కువే తాగాలి. ఇది చాలామంది పట్టించుకోరు.

ఆ తర్వాత మూత్రం. పొద్దున్నే మొదటిసారి పోసేటప్పుడు పొడుగు కాడ గరిటె మెల్లగా కిందికి చాపి పట్టమను. ఆడకుక్క కూర్చోగానే గరిటె పెడితే లేచిపోతుంది, ధార మొదలయ్యాక పెట్టాలి. మూత్రం గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్ నీ దగ్గర ఉండి తీరాలి. మూత్రంలో ముంచే స్ట్రిప్ మీదుండే గాఢత గడిని కుక్కల విషయంలో నమ్మకు. అదే స్ట్రిప్ గ్లూకోజ్‌కీ ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే కీటోన్లకీ బాగా పనికొస్తుంది. కాకపోతే కీటోన్లలో అది అసిటోఅసిటేట్‌నే పట్టుకుంటుంది, బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్‌ని పట్టుకోదు. షుగర్ ఉన్న కుక్క వాంతులు చేసుకుంటూ నీరసించిపోతే, స్ట్రిప్ రంగు మారలేదని ఇంటికి పంపకు.

షుగర్ అని చెప్పాలంటే రక్తంలోనూ మూత్రంలోనూ రెండు చోట్లా గ్లూకోజ్ ఉండాలి. పరగడుపున 70 నుంచి 120 వరకు ఉండేది, సుమారు 180, 200 దాటాక గానీ మూత్రంలోకి దిగదు. రక్తంలో మామూలుగా ఉండి మూత్రంలో మాత్రమే కనిపిస్తే కిడ్నీ వైపు చూడు. మనుషుల గ్లూకోమీటర్ కుక్క రక్తంలో సాధారణంగా అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. మనిషి రక్తంలో గ్లూకోజ్ ఎర్ర కణాల్లోనూ బాగానే ఉంటుంది, కుక్క రక్తంలో ఎక్కువ భాగం ప్లాస్మాలోనే ఉంటుంది. మనుషుల మీటర్‌కి ఆ తేడా తెలియదు. నిర్ధారణకి ల్యాబ్ అంకెనే తీసుకో. ఇంకా సందేహముంటే ఫ్రక్టోసమైన్ పంపు, గడిచిన రెండు మూడు వారాల సగటు తెలుస్తుంది.

"కుక్కకి షుగరేంటండీ, మేం స్వీట్లు పెట్టందే" అని అడుగుతారు. కుక్కలకి వచ్చేది ఎక్కువగా ఇన్సులిన్ తయారవకపోవడం వల్ల వచ్చే రకమే. అసలు మనుషుల షుగర్ ఎక్కడ పుడుతుందో తెలిసింది కూడా కుక్కల వల్లే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమం తీసేస్తే దాని మూత్రంలో చక్కెర దిగింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ని పరీక్షించింది కుక్కల మీదే. ఇది చెబితే ఇంటివాళ్ల ముఖంలో అనుమానం పోయి శ్రద్ధ వస్తుంది. కొందరు నీళ్ల సంగతే గమనించరు, కళ్లు తెల్లబడ్డాయని వస్తారు. వారాల్లో రెండు కళ్లకీ శుక్లం వచ్చిందంటే ముందు షుగర్ చూడు.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క అయితే చివరిసారి ఎప్పుడు ఎదకు వచ్చిందో తప్పకుండా అడుగు. మన దగ్గర అలాంటివే ఎక్కువ. ఎద తర్వాత ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ పెరిగి, దాని ప్రభావంతో రొమ్ము గ్రంథుల నుంచి గ్రోత్ హార్మోన్ వస్తుంది. అది ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు. త్వరగా గర్భసంచి, అండాశయాలు తీసేస్తే కొన్నిటికి షుగర్ పూర్తిగా తగ్గిపోతుంది కూడా. ఎద తర్వాతి ఆ వారాల్లోనే గర్భసంచిలో చీము పట్టినా కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంది. మూత్రంలో గ్లూకోజ్ కనిపించింది కదా అని అక్కడితో ఆగిపోకు, స్కానింగ్ చేయించు. రెండూ కలిసి ఉండొచ్చు.

ఇక నువ్వు రాసిన తొమ్మిదేళ్ల లాబ్రడార్ సంగతి. పొట్ట వేలాడుతోంది, వెంట్రుకలు రెండు పక్కలా సమంగా ఊడుతున్నాయి, చల్లటి వేళ కూడా ఒగరుస్తోంది, ఆకలి ఆగడం లేదు, నీళ్లు తెగ తాగుతోంది, లివర్ పరీక్షలో ఏఎల్‌పీ బాగా పెరిగింది, థైరాయిడ్ హార్మోన్ టీ4 తగ్గింది. దానికి థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టనా అని అడిగావు. వద్దమ్మా. థైరాయిడ్ తగ్గిన కుక్క మందకొడిగా ఉంటుంది, పెద్దగా తినకుండానే బరువెక్కుతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇంతలేసి నీళ్లు తాగదు, గిన్నె చుట్టూ తిరగదు. వేరే ఏ జబ్బున్నా, స్టెరాయిడ్ పడినా, మూర్ఛకిచ్చే ఫీనోబార్బిటాల్ వాడినా టీ4 కిందికి దిగుతుంది. టీ4 మామూలుగా ఉంటే థైరాయిడ్ కాదని దాదాపుగా కొట్టిపారేయొచ్చు గానీ, తగ్గినంత మాత్రాన ఉందనలేం. అప్పుడు ఫ్రీ టీ4, థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్ కలిపి చూడాలి.

నాకైతే అది కుషింగ్స్‌లా ఉంది. పరీక్షకి పంపే ముందు ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెప్పించి బల్ల మీద పరిపించు. దురదకి వేయించిన ఇంజెక్షన్లు, చెవి చుక్కలు, ఆయింట్‌మెంట్లు అన్నిటి పేర్లూ చదువు. మన ఊళ్లలో నేను చూసిన కుషింగ్స్‌లో చాలా భాగం అలా బయటినుంచి వెళ్లిన స్టెరాయిడ్ వల్లే. అది కాదని తేలాకే తక్కువ మోతాదు డెక్సామెథాసోన్ పరీక్ష చెయ్యి, అంటే ఆ స్టెరాయిడ్ ఇచ్చి ఒంట్లో కార్టిసాల్ అణిగిందో లేదో చూడటం. కిలోకి 0.01 మిల్లీగ్రాము నరానికి ఇచ్చి, ఇవ్వకముందు, 4 గంటలకి, 8 గంటలకి రక్తం తీయాలి. ఆ రోజంతా కుక్కని భయపెట్టకుండా ఉంచు. వేరే జబ్బుతో బాధపడుతున్న కుక్కకి ఈ పరీక్ష చేయకు. కార్టిసాల్ ఎటూ పెరిగే ఉంటుంది, లేని కుషింగ్స్ ఉన్నట్టు వస్తుంది.

అడిసన్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. వయసులో ఉన్న కుక్క వాంతులు, విరేచనాలతో వచ్చి, సెలైన్ ఎక్కించగానే లేచి తిరుగుతుంది, కొన్నాళ్లకి మళ్లీ పడిపోతుంది. టిక్ ఫీవర్ అనో కిడ్నీ అనో చీటీలు పోగవుతాయి. షాక్‌లో ఉన్న కుక్కకి గుండె వేగంగా కొట్టుకోవాలి. నెమ్మదిగా కొట్టుకుంటోందంటే వెంటనే సోడియం, పొటాషియం చూడు. వాటి నిష్పత్తి 27 కంటే తగ్గితే అనుమానం బలపడుతుంది. కార్టిసాల్ డెసిలీటరుకి 2 మైక్రోగ్రాములు దాటితే అడిసన్స్‌ని పక్కన పెట్టొచ్చు, తగ్గితే అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించి కార్టిసాల్ ఎంత వస్తుందో చూసే ఏసీటీహెచ్ పరీక్ష కావాలి. ఆలోగా స్టెరాయిడ్ ఇవ్వక తప్పకపోతే డెక్సామెథాసోన్ ఇవ్వు. ప్రెడ్నిసొలోన్, హైడ్రోకార్టిసోన్ రెండూ పరీక్షలో కార్టిసాల్‌గా లెక్కకొచ్చేస్తాయి.

నీళ్లు ఆపి, మూత్రం గాఢత పెరుగుతుందో లేదో చూసే పరీక్ష గురించి అడిగావు. మిగతావన్నీ కాదని తేలేదాకా దాని జోలికి వెళ్లకు. కిడ్నీ పాడైన కుక్కకి నీళ్లు ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

షుగర్ తేలి, ఇన్సులిన్ కిలోకి ఒకటిన్నర యూనిట్లు దాటినా అదుపులోకి రాకపోతే దాని వెనక కుషింగ్స్, థైరాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్ వెతకాలి. కానీ ముందు ఇంట్లో సూది ఎలా వేస్తున్నారో నీ కళ్లముందు వేయించి చూడు. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లదీ, 100 యూనిట్లదీ రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు వెళ్తుంది, కుక్క పడిపోతుంది. 40 మందుని నారింజ మూతతో తీస్తే సగం కూడా వెళ్లదు, మనం మోతాదు పెంచుకుంటూ పోతాం. ప్రతిసారీ సీసా, సిరంజి రెండూ వెంట తెమ్మను.

ఆశీస్సులతో,
మీ సార్