వయొలిన్ బాబుకి బీటెక్కా, మ్యూజిక్కా?

అమ్మా నమస్తే. బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఎనిమిదేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో మాస్టారి దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాడు, ఇప్పుడేమో జాజ్ అంటున్నాడు, సినిమా రికార్డింగ్స్‌కి వాయిస్తానంటున్నాడు, వాళ్ల నాన్నగారేమో ముందు బీటెక్ కానివ్వమంటున్నారు, ఏం చేయాలి అని కదా మీరు అడిగింది.

ఆ ఎనిమిదేళ్లు ఎక్కడికీ పోవు అమ్మా. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతంతోనే పెరిగి, అదే మాండలిన్‌తో జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి జాజ్ గిటారిస్ట్ పక్కన రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించారు. వీణ విద్వాంసులు చిట్టిబాబు గారు కూడా తొలినాళ్లలో మద్రాసులో సినిమా పాటలకి వీణ వాయించినవారే.

కాకపోతే బాబు కొత్తగా కష్టపడాల్సింది చాలానే ఉంది. మన కర్ణాటకంలో అప్పటికప్పుడు అల్లుకునే కల్పనస్వరాలు వేసేటప్పుడు రాగం ఒకటే, వెనక తంబూరా అలా మోగుతూనే ఉంటుంది. జాజ్‌లో కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, మారిపోతుంటాయి, ఇప్పుడు హాయిగా ఉన్న స్వరమే రెండు క్షణాల్లో చెవిలో గుచ్చుకుంటుంది, అందుకే కీబోర్డ్ మీద కార్డ్స్ కొంచెం నేర్చుకుంటే చెవికి దారి దొరుకుతుంది. కూర్చోవడం కూడా వేరే, మనం కింద కూర్చుని వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించి సపసప శృతి చేసుకుంటాం, వాళ్లు గడ్డం కింద పెట్టి జి, డి, ఎ, ఇ కి చేసుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యం స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద గుర్తులతో సంగీతం రాసే పాశ్చాత్య పద్ధతి. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు వర్ణం మూడు కాలాల్లో తడబడకుండా వాయించేవాడు, మొదటి రికార్డింగ్ సెషన్‌లో స్టాండ్ మీద నొటేషన్ కాయితం పెట్టారు, పక్కవాళ్లు చూస్తూనే మొదలుపెట్టేశారు, తను తీగ మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. ఒక్కసారి వినిపిస్తే చాలు వాయించేసేవాడు, అక్కడ వినిపించే టైమ్ ఎవరికీ లేదు. ఆ రోజు వాడి మొహం నాకింకా గుర్తుంది, మీ బాబుకి అలా జరగకూడదు.

కాబట్టి మాస్టారి క్లాస్ ఆపొద్దు, పక్కన ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల గ్రేడ్ పరీక్షలు మొదలుపెట్టించండి, ఎగ్జామినర్ ఎదుట ఇచ్చే పరీక్షల్లో ఆరో గ్రేడ్ నుంచి సైట్ రీడింగ్, అంటే కొత్త కాయితం చూస్తూనే వాయించడం, తప్పనిసరి, ఎనిమిది దాకా వెళ్తే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది.

బీటెక్ తప్పని కాదు, కానీ హాస్టల్లో పడి నాలుగేళ్లు వయొలిన్ పెట్టెలోంచి తీయకపోతే నష్టం పెద్దది. నా ఓటు ఇంటికి దగ్గర్లో బీకామో బీఎస్సీయో చదివి రోజుకి మూడు గంటల సాధనకే. కర్ణాటకంలోనే సర్టిఫికెట్ కావాలంటే రాంకోట్ త్యాగరాజ సంగీత కళాశాల ఉంది, డిగ్రీ తర్వాత చెన్నైలో రెహమాన్ గారి కేఎం కన్జర్వేటరీ ఆలోచించొచ్చు. అమెరికాలోని బర్క్లీ మ్యూజిక్ కాలేజ్ కోసం ఇప్పుడే ప్లాటు అమ్మకండి.

డబ్బు సంగతి, రికార్డింగ్స్ నెలనెలా ఉండవు, చాలామందికి ఇల్లు గడిచేది పిల్లలకి క్లాసులు చెప్పే. ఇప్పట్నుంచే ఇద్దరు చిన్నపిల్లలకి సరళీస్వరాలు చెప్పమనండి.

నాన్నగారిని కూడా తీసుకుని ఒక ఆదివారం రండి. బాబుని వయొలిన్ తెచ్చుకోమనండి, నాలుగు వరుసల నొటేషన్ ఉన్న కాయితం ఒకటి పెడతాను, ఎక్కడ ఆగుతాడో ఆయనే చూస్తారు.