సంతకాలకు ముందు తేల్చుకోవలసినవి

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

బర్మింగ్‌హామ్‌లో నువ్వూ నీ స్నేహితులూ కట్టుకున్న సోల్ సంగీత బృందానికి ఒక రికార్డు కంపెనీ ఒప్పంద పత్రం పంపిందని, త్వరగా సంతకాలు చేయమంటోందని రాశావు. లండన్‌లో సంగీతకారుల ఒప్పందాలు చదవడమే వృత్తిగా బతికినవాణ్ణి కనుక, ఫౌండేషన్స్ అనే బృందం చరిత్రను ముందుంచుకొని నీకు సలహా చెబుతాను.

1967లో లండన్ బేస్‌వాటర్ ప్రాంతంలో పుట్టి, 1970లోనే విడిపోయిన బృందమది. ట్రినిడాడ్ గాయకుడు క్లెమ్ కర్టిస్, డొమినికాకు చెందిన ట్రాంబోన్ వాద్యకారుడు ఎరిక్ అలన్‌డేల్, జమైకా శాక్సఫోన్ కళాకారులు, సిలోన్‌లో పుట్టిన ఆర్గన్ వాద్యకారుడు టోనీ గోమెజ్, వారితో పాటు ఇంగ్లండ్ యువకులు అందులో ఉండేవారు. 'పై' (Pye) అనే రికార్డు కంపెనీలో నిర్మాత అయిన టోనీ మెకాలే, జాన్ మెక్‌లౌడ్‌తో కలిసి రాసిన 'బేబీ, నౌ దట్ ఐ హావ్ ఫౌండ్ యు' వారి తొలి రికార్డు. విడుదలైనప్పుడు దాన్ని పట్టించుకున్నవారు లేరు. అయితే ఓడల మీద నుంచి నడిచే అనధికార రేడియోలను ప్రభుత్వం ఆ ఆగస్టులో చట్టంతో కట్టడి చేయగా, సెప్టెంబరు 30న మొదలైన బీబీసీ రేడియో వన్, ఆ ఓడ రేడియోలు వినిపించని పాటల కోసం వెతికి దీన్ని వినిపించింది. నవంబరుకల్లా ఆ పాట బ్రిటన్ రికార్డు అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. విజయం ఇంత హఠాత్తుగా వస్తుంది కాబట్టే, ఎవరి వాటా ఎంతో అంతకుముందే కాగితం మీద ఉండాలంటాను.

1968లో క్లెమ్ తప్పుకోగా, బార్బడోస్‌కు చెందిన కోలిన్ యంగ్ వచ్చి 'బిల్డ్ మీ అప్ బటర్‌కప్' పాడాడు. అది బ్రిటన్‌లో రెండో స్థానానికీ, అమెరికాలో మూడో స్థానానికీ వెళ్లింది. దాన్ని రాసినవారు మెకాలే, మైక్ డాబో. బృందం సొంతంగా రాసుకున్న పాటలు ఎక్కువగా రికార్డుకు అంతగా ఎవరూ వినని రెండో వైపుకే పరిమితమయ్యాయి. ఆ అసంతృప్తి ముదిరి మెకాలేతో తెగిపోయాక, అలన్‌డేల్ పాట ఒకటి 46వ స్థానం దాకా వెళ్లడం తప్ప వారికి మరో విజయం దక్కలేదు. ఇందులో మెకాలేను తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు, ఆ విజయాలు అతని పాటలవే. కానీ దశాబ్దాల తరువాత కూడా రచయితకు అందే రాబడి పాడినవారికి అందదు. కాబట్టి మీ పాటలకు ఎవరెవరు రచయితలో, ఏ పాటకు ఎంత వాటాయో ఇప్పుడే రాసి, అందరూ సంతకాలు పెట్టండి.

మెకాలే కూడా ఒకప్పుడు ఏకపక్షమైన ఒప్పంద పత్రానికి చిక్కినవాడే. 1966లో, ఇరవైల తొలినాళ్లలో, అతను ఒక పాటల ప్రచురణ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. ఐదేళ్లపాటు రాసే ప్రతి పాట మీదా ప్రపంచవ్యాప్త హక్కులు సంస్థవే. రాయల్టీ, అంటే పాటల రాబడిలో రచయితకు దక్కే వాటా, 5,000 పౌండ్లు దాటితే గడువు దానంతటదే మరో ఐదేళ్లు పెరుగుతుంది. సంస్థ నెల రోజుల నోటీసుతో తప్పుకోవచ్చు, అతనికి ఆ వీలు లేదు. అన్నిటికన్నా దారుణం, ఒక్క పాటనైనా ప్రచురించి తీరాలన్న బాధ్యత సంస్థకు లేకపోవడం. ఇది వృత్తిని అన్యాయంగా నిర్బంధించడమేనని, ఈ ఒప్పందం చెల్లదని అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1974లో తీర్పు చెప్పింది. అప్పటికి సంతకం చేసి ఎనిమిదేళ్లయింది. మీ పత్రంలో గడువు పెంచే హక్కు ఎవరి చేతిలో ఉందో, రికార్డును నిర్ణీత కాలంలో విడుదల చేయకపోతే పాటలు మీకు తిరిగి వస్తాయో లేదో ముందుగా చూడు.

బృందం పేరు సంగతి కూడా తేల్చుకోండి. తరువాతి కాలంలో క్లెమ్, కోలిన్ వేర్వేరుగా ఫౌండేషన్స్ పేరుతో కచేరీలు చేసి, ఆ పేరు కోసం కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఒకరు తప్పుకుంటే పేరు ఎవరి దగ్గర ఉంటుందో, స్నేహం బాగున్న ఈ రోజుల్లోనే రాసుకోవడం ఎవరినీ అనుమానించడం కాదమ్మా.

పత్రం పూర్తి ప్రతి, అనుబంధాలతో సహా నాకు పంపు. కంపెనీ సూచించిన న్యాయవాది కాకుండా, మీరు విడిగా ఎంచుకున్న న్యాయవాది చదివే వరకు ఎవరూ సంతకం చేయవద్దు.

మీ పెదనాన్న