మేనరికం వల్లే నెలసరి ఆగిపోయిందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది విశాఖ, గాజువాక. ఏడు నెలలుగా నెలసరి లేదు, గర్భం కాదు. ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) నెల తేడాతో రెండుసార్లు చేయిస్తే 58, 64 వచ్చాయి. అమ్మకు 38కే ఆగిపోయింది. అమ్మానాన్నలది మేనరికం, అందువల్లే అంటున్నారు చుట్టాలు. ఎక్సోమ్ పరీక్ష (జన్యువులన్నిటినీ ఒకేసారి చదివేది) చేయించాలా? చెల్లికి 24. తనకూ వస్తుందా?

జవాబు: నలభైలోపు నెలసరి నాలుగు నెలలకు మించి ఆగి, ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటితే అండాశయాలు ముందే అలిసిపోయినట్టే. మీ విషయంలో ఇక అనుమానం లేదు.

మేనరికంలో భయం ఏమిటంటే, లోపమున్న ఒకే జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా బిడ్డకు చేరడం. స్టాగ్3, ఎంసీఎం8 జన్యువుల లోపాలు ఇలాగే వస్తాయి. కానీ అప్పుడు సాధారణంగా తల్లి బాగానే ఉంటుంది, అక్కచెల్లెళ్లకు రావచ్చు. మీ అమ్మగారికీ వచ్చింది కనుక ముందు ఎక్స్ క్రోమోజోమ్‌నే చూడాలి.

ఎక్సోమ్‌తో మొదలుపెట్టకండి. మొదట కారియోటైప్, అంటే క్రోమోజోములను చూసే పరీక్ష చేయించండి. కణాలను పెంచి చూస్తారు కాబట్టి రెండు మూడు వారాలు పడుతుంది. కనీసం 30 కణాలు చూడమని చీటీలో రాయించండి. కొన్ని కణాల్లోనే ఒక ఎక్స్ లేని మొజాయిక్ టర్నర్, తక్కువ కణాలు చూస్తే దొరకదు. వై క్రోమోజోమ్ ముక్క కనిపిస్తే కణితి ప్రమాదం ఉంటుంది, అండాశయాలు తీయించే సంగతి మాట్లాడాలి.

దాంతోపాటే ఎఫ్ఎంఆర్1 పరీక్ష. ఎక్స్ క్రోమోజోమ్ మీదుండే ఈ జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల వరుస 55 నుంచి 200 సార్లు ఉంటే ప్రీమ్యుటేషన్. అది ఉన్న ఆడవాళ్లలో సుమారు ఐదోవంతు మందికి అండాశయాలు ముందే ఆగిపోతాయి. ఈ వరుసను మామూలు ఎక్సోమ్ లెక్కపెట్టలేదు. వేలు పోసి 'నార్మల్' రిపోర్టు తెచ్చుకుని అసలు కారణం వదిలేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. ప్రీమ్యుటేషన్ మీ ఇంట్లో నడుస్తోందేమో తెలియడానికి, మీ తాతగారికో మేనమామలకో 50 దాటాక చేతులు వణకడం, నడక తూలడం ఉందా, బంధువుల్లో చదువు ఎక్కని మగపిల్లలు ఉన్నారా అని అమ్మగారిని అడగండి. కారియోటైప్, ఎఫ్ఎంఆర్1 రెండూ మామూలుగా వస్తేనే ఎక్సోమ్.

మీకు ప్రీమ్యుటేషన్ తేలితే, అది అమ్మ నుంచి వచ్చినదైతే చెల్లికి సగానికి సగం అవకాశం. నాన్న నుంచి అయితే తనకూ తప్పకుండా ఉంటుంది. ఉన్నంత మాత్రాన అండాశయాలు ఆగిపోతాయని కాదు. ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే హార్మోన్) చూసి, అండాలు దాచుకోవాలా అన్నది పెళ్లి కుదిరేదాకా ఆగకుండా ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు. పిల్లల్లో ఆ వరుస 200 దాటితే ఫ్రాజైల్ ఎక్స్ అనే బుద్ధిమాంద్యం రావచ్చు, కాబట్టి జన్యు సలహా తప్పనిసరి.

మీకు థైరాయిడ్, అడ్రినల్ యాంటీబాడీలు, ఎముకల గట్టితనం చూసే డెక్సా స్కాన్ కూడా కావాలి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర లేకపోతే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ సుమారు 50 ఏళ్ల దాకా వాడాలి. కేజీహెచ్ గైనిక్ ఓపీకో, ఘోషా ఆసుపత్రికో రిపోర్టులతో వెళ్లి ఇవి ఈ వారమే మొదలుపెట్టించండి, జన్యు ఫలితాల కోసం ఆగొద్దు.