ముగిసిందా, పూర్తయిందా?

సందేహం: రెండు కంప్యూటర్లలోని ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్ మీది మాటల్ని తెలుగులో పెడుతున్నాం. ‘కంప్లీటెడ్ విత్ ఎర్రర్స్’ని ‘లోపాలతో పూర్తి చేయబడింది’ అని రాశాను. పక్కసీటు కన్నడమ్మాయి మాత్రం ‘ముగీతు’ అని ఒక్క మాటలో తేల్చేసింది. మనకేది సరి? ‘స్టాప్డ్’కి ‘ఆపబడింది’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: ఆ అమ్మాయి నోటే మీ జవాబు వచ్చేసింది. వాళ్ల ‘ముగి’, మన ‘ముగియు’ ఒక్క ఇంటి పిల్లలు. ముగియడమంటే చివరికి రావడం, అంతే. మధ్యలో ఏం మిగిలిపోయిందో ఆ మాటకు పట్టదు. ‘పూర్తి’ సంస్కృతం నుంచి వచ్చింది, నిండుదనం దాని అర్థం. మూడు ఫైళ్లు చేరకపోయినా ‘పూర్తి’ అంటే, ముగ్గురు చుట్టాలు విస్తరి ముందు కూర్చోకుండానే భోజనాలు పూర్తయ్యాయన్నట్టు ఉంటుంది. భోజనాలు ముగిశాయి, కాదనను. అందుకని ‘ముగిసింది, 3 ఫైళ్లు చేరలేదు’ అని రాయండి. ఏదీ మిగలనప్పుడే ‘పూర్తయింది’.

యంత్రమూ ఈ తేడా పాటిస్తుంది. లినక్స్ వాళ్ల చేతిలో నలిగిన ఆర్‌సింక్‌నే చూడండి. ఫైళ్లను సింక్ చేసే ఈ ప్రోగ్రామ్, వెళ్తూ వెళ్తూ పని ఎలా జరిగిందో ఒక సంఖ్యతో చెబుతుంది. అంతా సవ్యంగా జరిగితే 0 అని తప్పుకుంటుంది. ఏదో తేడా వచ్చి కొన్ని చేరకపోతే 23 అంటుంది. నాకు 24 ముచ్చటేస్తుంది: జాబితా రాసుకున్నప్పుడు ఉన్న ఫైలు, పంపబోయేసరికి లేదు! దీనికి ‘విఫలమైంది’ అని తగిలించడం అన్యాయం. ‘పంపేలోపే ఫైలు కనబడకుండా పోయింది’ అంటే జరిగింది జరిగినట్టు చెప్పినట్టవుతుంది.

ఇక ‘ఆపబడింది’. ఈ ‘బడు’ని వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ నోరు ఒప్పుకోదు. పైగా ఆపిందెవరో దాచేస్తుంది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు ‘ఆగింది’ అంటే స్టాపు వచ్చిందని. ‘ఆగిపోయింది’ అంటే దిగి ఆటో వెతుక్కోవాలని. ‘ఆపేశారు’ అంటే పోలీసు చెయ్యెత్తాడని. ఒక్క ‘పోవు’ చేరేసరికి వ్యవహారం మన చేతుల్లోంచి జారింది, చూశారా! నెట్ తెగితే ‘ఆగిపోయింది’ అనండి. వాడేవారే బటన్ నొక్కితే ‘మీరు ఆపారు’.

‘పెండింగ్’ జోలికి వెళ్లకండి, అది ఎప్పుడో తెలుగైపోయింది. క్యూలో ఉన్నదానికి ‘వంతు రాలేదు’ చాలు.

మీరు అడగలేదు గానీ, జతచేసిన స్క్రీన్‌షాట్‌లో అడుగున ‘ఉద్యోగం రద్దయింది’ అని ఒక వరుస ఉంది. ‘జాబ్’ అంటే అక్కడ యంత్రానికి అప్పగించిన పని మాత్రమే. మారతహళ్లి పీజీలో అర్ధరాత్రి ఫోను తెరిచిన కుర్రాడి కంట ఆ వాక్యం పడిందంటే, తెల్లారేసరికి ఊళ్లో వాళ్లమ్మ బస్సెక్కుతుంది. ‘సింక్ రద్దయింది’ అని ఈ రోజే మార్చేయండి.