పీవీసీ చేతిపంపులో పిస్టన్‌కు, సిలిండర్‌కు మధ్య ఎంత ఖాళీ ఉండాలి?

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: నీళ్లను ఆపేది వాషరా, ఖాళీయా?

కప్పు వాషర్ (గిన్నె ఆకారంలో ఉండే తోలు లేదా రబ్బరు వాషర్) ఉంటే పిస్టన్ బిళ్ల పైపు లోపలి వ్యాసం కంటే 1 నుంచి 1.5 మి.మీ. చిన్నగా ఉన్నా చాలు. నీటిని ఆపే పని వాషర్ అంచుది. ఆ అంచు గోడకు తేలిగ్గా ఒరుసుకోవాలి, కప్పు నోరు పైకి ఉండాలి. మరీ బిగిస్తే హ్యాండిల్ బరువెక్కి వాషర్ త్వరగా అరుగుతుంది.

వాషర్ లేకపోతే వ్యాసాల తేడా 0.2–0.3 మి.మీ. ఉంచి, పిస్టన్‌ను పొడవుగా చేయాలి. ఇరుకు సందులో కారుడు ఖాళీ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఖాళీ రెండింతలైతే కారుడు సుమారు ఎనిమిదింతలు. అలాగని ఇంకా తగ్గిస్తే ఇసుక రేణువు ఇరుక్కుని పట్టేస్తుంది.

పిస్టన్‌కు నైలాన్ వద్దు, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్ ప్లాస్టిక్) నీళ్లు పీల్చదు గానీ వేడికి పీవీసీ కంటే రెండింతలకు పైగా వ్యాకోచిస్తుంది, అందుకే ఎండలో నిలిచే పంపుకు 0.2 సరిపోదు.

63 మి.మీ. పైపు అని కొంటే, ఆ 63 అన్నది బయటి కొలత. లోపలిది ప్రెషర్ క్లాసును (పైపు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో తెలిపే శ్రేణి) బట్టి మారుతుంది కాబట్టి వెర్నియర్ కాలిపర్‌తో రెండు చివర్లా, అడ్డంగా నిలువుగా కొలవండి. క్లాంపు బిగించాక మళ్లీ చూడండి: పైపు కోలగా మారితే ఏ లెక్కా పనిచేయదు.