ముఖానికి లేజర్ చేయించుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ముడతలకీ, వదులైన బుగ్గలకీ లేజర్ చేయించుకోవాలనుందని రాశావు. ముందు అద్దం తీసుకో. నవ్వినప్పుడు పడి, నవ్వు ఆగగానే పోయే గీతలు కండరం లాగడం వల్ల వచ్చేవి. వాటికి లేజర్ పెద్దగా పనిచేయదు. వెల్లకిలా పడుకుని చూసుకుంటే దవడ కింద జారుడు మాయమైందా, దాన్నీ లేజర్ పైకి లాగలేదు. ముఖం కదపకపోయినా కనబడే సన్నగీతలు, గరుకుదనం ఉంటే నీ డబ్బుకు ఫలితం ఉంటుంది.

ఏ మిషనో డాక్టర్ని తప్పకుండా అడుగు. నీది చామనఛాయ కాబట్టి ఐపీఎల్ (లేజర్ కాదు, తీవ్రమైన వెలుగును మెరుపుల్లా కొట్టే మిషన్) వద్దంటాను. చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఆ వెలుగును పీల్చేసుకుంటుంది, పైపొర కాలుతుంది. మిషన్ మొన ఆనినచోటల్లా పలకల్లా అచ్చులు పడితే నెలల తరబడి పోవు. 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఫ్రాక్షనల్ లేజర్ (చర్మమంతా కాక సన్నటి చుక్కలుగా పడేది) వేడి చేసేది రంగును కాదు, చర్మంలోని నీటిని. అందుకే నీకు అది నయం. అయినా నల్లబడే ప్రమాదం పూర్తిగా పోదు. చెవి ముందు చిన్న టెస్ట్ ప్యాచ్ (కొద్దిచోట మాత్రమే చేసి చూసే పరీక్ష) వేయించుకుని 4 వారాలు ఆగు. నలుపు వెంటనే తేలదు. తొందరపెట్టే చోట చేయించుకోకు.

మంగు ఉన్నా, గర్భమైనా, పెదవులపై జ్వరపొక్కులు వచ్చే అలవాటున్నా, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా ముందే చెప్పు. రెటినాల్ క్రీము వారం ముందు ఆపెయ్. ఎండకు కమిలిన ముఖంతో వెళ్లకు. కళ్లకు రక్షణ కవచం పెట్టందే మొదలుపెట్టనివ్వకు. చురుక్కుమనడం మామూలే, ఒకేచోట భరించలేనంత మంట పుడితే ఓర్చుకోకుండా ఆపమను.

తర్వాత రెండు మూడు రోజులు ఎరుపు, వాపు ఉంటాయి. చల్లటి గుడ్డ, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. గరుకుగా లేచిన పొట్టు గిల్లకు. సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవున తీసుకుని రాయి, బయట ఉంటే 2 గంటలకోసారి మళ్లీ. పొక్కులు లేచినా, బూడిదరంగు మచ్చ కనబడినా ఆరోజే డాక్టర్‌కి చూపించు.

సాధారణంగా 3 నుంచి 5 సిట్టింగులు, నాలుగేసి వారాల ఎడంతో. మొదలుపెట్టే ముందే కిటికీ దగ్గర ఒక ఫొటో తీసుకో. కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్) మెల్లగా పుడుతుంది కనుక చివరి సిట్టింగ్ అయిన 3 నెలలకు, ఆ కిటికీ దగ్గరే, అదే వేళకు ఇంకో ఫొటో తీసి పోల్చుకో. ఇంట్లో పెట్టుకునే ఎర్ర ఎల్ఈడీ మాస్కులు కాల్చవు, కానీ మార్పూ కొంచెమే.

టెస్ట్ ప్యాచ్ ఎలా తేలిందో రాయి.

మీ అత్తయ్య