అమ్మడూ, ఆ బండితో లంబసింగికా!

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ పాత మారుతి వేసుకుని మన పిల్ల డిసెంబర్ చివర్లో లంబసింగి పోతుందట, విన్నావా" అన్నాడు. విన్నాను. మీ పెద్దమ్మకి చెప్పి ఇద్దరం తెగ నవ్వుకున్నాం, అందరూ పాత సామానువాడికి ఇచ్చేయమన్న బండిని ఇంట్లో ఒక్కదానివే మనిషిలా చూశావని కాస్త గర్వంగా కూడా అనిపించింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, ఇంక నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు. సగం నీకు తెలిసినవే ఉంటాయి.

ముందు తొందరగా తేలిపోయేవి చెప్పేస్తాను. ఆర్‌సీ రెన్యువల్ అయింది కాబట్టి ఆ బాధ లేదు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు డ్యాష్‌బోర్డులో పెట్టుకో. ఇంజిన్ ఆయిల్ మార్పించు. స్టెప్నీలో గాలి చూడు, చూశానని చెప్పడం కాదు, చూడు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చామో నాకే గుర్తులేదు, అంటే మార్చాల్సిందే, అది రబ్బరు. నర్సీపట్నంలో ట్యాంకు నింపుకుని ఘాట్ ఎక్కు.

టైర్ల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగు. గాట్లు బాగానే ఉన్నాయి కదా అని మెకానిక్ అంటాడు. షెడ్డులో నిలబడిన బండి టైరుకి గాట్లు అరగవు, రబ్బరు ఎండిపోతుంది. పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి, 2317 అని ఉంటే 2017లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. అలాంటివి ఉంటే పక్క గోడలు వేలితో వంచి చూడు, సన్నగా నెర్రెలు కనిపిస్తే మొహమాటపడకు, నాలుగూ మార్చెయ్. డబ్బులు నేనిస్తాను, మీ నాన్నకి చెప్పకు.

బ్యాటరీ సంగతి. విశాఖలో చలి ఎంతుంటుంది గనక, అక్కడ ఒక్క సెల్ఫుకే లేస్తుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, పొద్దున్నే చూస్తే బానెట్ మీద మంచు నీళ్లలా కారుతుంటుంది, సగం నీరసించిన బ్యాటరీ అక్కడ టక్ టక్ అని ఊరుకుంటుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది తెలుసా, ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అలా పిలుస్తారట. మనిషే బిగుసుకుపోతే బ్యాటరీ ఒక లెక్కా. టెర్మినల్స్ మీద తెల్లగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక కాస్త వ్యాజిలీన్ రాయి. సెల్ఫ్ ఐదు సెకన్లకు మించి కొట్టకు, లేవకపోతే అర నిమిషం ఆగి మళ్లీ కొట్టు. మీ వయసువాళ్లకి ఆ ఆగడమే చేతకాదు.

ఇది కార్బురేటర్ బండి, 1995 మోడల్, నీ ఆఫీసు కారులా బటన్ నొక్కితే లేవదు. చలిలో చోక్, అదే ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే పిడి, పూర్తిగా లాగు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకు, సెల్ఫ్ కొట్టు. లేచాక ఒక నిమిషానికి చోక్ సగం లోపలికి తొయ్, ఇంజిన్ కాస్త వేడెక్కి గొంతు మారాక పూర్తిగా మూసెయ్. మూయడం మర్చిపోయావనుకో, వెనక నల్లపొగ, లోపల పెట్రోల్ వాసన, ఘాట్ మధ్యలో ప్లగ్గులు తడిసి బండి ఎక్కిళ్లు పెడుతుంది. పెట్రోల్ అంటే గుర్తొచ్చింది, ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, ఈ బండి పైపుల రబ్బరు ఆ కాలంది కాదు. పెట్రోల్ పైపులన్నీ కొత్తవి వేయించు. చోక్ మూసేశాక కూడా బండిలో పెట్రోల్ వాసన వస్తే ఆ రోజు ప్రయాణం లేదు, అంతే.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయనివ్వకు, కూలెంట్ పోయించు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా కూలెంట్ దేనికి అని వాదిస్తారు, గడ్డకట్టడానికి కాదు, లోపల తుప్పు పట్టకుండా. ఇంకో విషయం అడుగు, థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని మూత, ఉందా లేదా అని. ఎండాకాలంలో బండి వేడెక్కిందని పోతే మన మెకానిక్‌లు చాలామంది మొదట చేసే పని ఆ వాల్వ్ పీకి పడేయడమే. పీకేస్తే ఎండాకాలంలో హాయిగానే ఉంటుంది, చలికాలంలో ఇంజిన్ ఎంతసేపటికీ వేడెక్కదు, హీటర్‌లోంచి చల్లగాలి వస్తుంది, పెట్రోల్ మాత్రం తాగేస్తుంది. మన బండికి పీకించినవాణ్ణి నేనే. తిరిగి పెట్టించు.

చలికాలంలో వెచ్చగా ఉంటుందని బానెట్ కిందికి ఎలుకలు చేరతాయి, వైర్లు కొరుకుతాయి. నేను పొగాకు కాడలు పెట్టేవాణ్ణి. పనిచేసిందో లేదో తెలియదు, మీ పెద్దమ్మ మాత్రం కారు ఎక్కగానే తుమ్మేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇప్పటిదాకా రాసిందంతా మెకానిక్ చూసుకుంటాడు, ఇది నువ్వే చూసుకోవాలి.

1997 భోగి నీకు గుర్తుందా? నువ్వు నాలుగేళ్లదానివి. నీ లెక్కలో అది "బెల్లంపాకం తిన్న భోగి". ఇప్పటికీ అందరికీ అలాగే చెప్తావు, పెదనాన్న కారు పంక్చరైంది, అక్కడెవరో వేడి వేడి పాకం పెట్టారు అని. ఆ రోజు పంక్చర్ కాలేదు అమ్మడూ.

మీ అమ్మా నాన్నా ముందురోజే బస్సులో ఊరికి వెళ్లిపోయారు. నువ్వు కారులోనే వస్తానని మారాం చేసి మా దగ్గర ఉండిపోయావు. భోగిమంట వేళకి చోడవరం దాటి ఊరు చేరిపోవాలని తెల్లవారుజామున మూడున్నరకి విశాఖలో బయల్దేరాం. కొత్త కారు మోజు ఇంకా తీరలేదు నాకు, మంటకి అందరూ చేరేసరికి కారుతో దిగాలని, అదీ అసలు తొందర. సబ్బవరం దాటాక పొగమంచు మొదలైంది. ముందు పల్చగా ఉంది, తర్వాత చెరకు తోటల మధ్యకి వచ్చేసరికి బానెట్ చివర కూడా సరిగ్గా కనిపించలేదు. బ్రైట్ వేస్తే ఎదురుగా తెల్లగోడ. డిమ్ వేస్తే అదే గోడ కాస్త కిందికి. ఆగుదామండీ అని మీ పెద్దమ్మ రెండుసార్లు అంది. ఆగి ఉంటే ఈ ఉత్తరమే లేదు.

అంతలో ముందు ఒక ఎర్రదీపం కనిపించింది. ఏదో లారీ, వెనక ఒకే ఒక్క దీపం. దాన్ని పట్టుకుని పోతే చాలు, దారి వాడే చూసుకుంటాడు అనుకున్నాను. చాలా తెలివైన పని చేశాననుకుని మీ పెద్దమ్మకి చెప్పాను కూడా, చూశావా, డ్రైవింగ్ అంటే ఇదీ అని. ఒక పావుగంట అలాగే పోయాం. దీపం దూరమైతే భయమేసి ఇంకా దగ్గరికి పోయేవాణ్ణి. దీపం ఎడమకి తిరిగింది, నేనూ తిరిగాను. కాసేపటికి టైర్ల కింద చప్పుడు మారింది. తారు రోడ్డు చప్పుడు కాదు అది, మెత్తగా, గులక రాళ్లు కొట్టుకుంటున్నట్టు. ఏదో తేడాగా ఉందే అని మనసులో అనుకోవడం పూర్తి కాలేదు, దీపం ఆగిపోయింది. బ్రేక్ తొక్కాను. బంకమట్టి, పైన మంచు తడి. బండి ఆగకుండా జారింది, ఎడమ చక్రం పంట కాలవలో దిగబడి, ఒక్క కుదుపుతో నిలబడింది.

అప్పుడు తల ఎత్తి చూస్తే అద్దానికి అవతల, నా మొహానికి రెండు చేతుల దూరంలో, చెరకు గడలు. కోసిన మొనలు, కట్టలు కట్టలుగా, అన్నీ మనవైపే చూస్తున్నాయి. నాకు అప్పుడు అర్థమైంది, దీపం లారీ కింద ఉంటుంది, చెరకు లోడు దానికంటే ఆరడుగులు వెనక్కి పొడుచుకుని ఉంటుంది. నేను దీపానికి ఎంత దూరంలో ఉన్నానా అనే చూసుకుంటూ వచ్చాను. ఆ గడలు పావుగంట నుంచీ మన అద్దం ముందే ఊగుతూ వస్తున్నాయి, చీకట్లో, మంచులో. ఎడమ చక్రం కాలవలో పడబట్టి ఆగాం. కాలవ లేకపోతే మీ పెద్దమ్మ ముందు సీట్లో ఉంది.

నువ్వు వెనక సీట్లో దుప్పటిలోంచి లేచి, "ఊరొచ్చేసిందా పెదనాన్నా" అన్నావు.

లారీ డ్రైవర్ దిగి వచ్చి బీడీ ముట్టించుకుంటూ, "ఏటి బాబూ, మా ఎనకాతల బెల్లం పాక కాడికి వొచ్చీసినావేటి?" అన్నాడు. అదీ మేం వచ్చిన చోటు. పండగ రోజైనా వాళ్లు పొయ్యి ఆర్పలేదు. పాకలో పనివాళ్లు ఆరుగురు వచ్చి, 650 కేజీల బండి, ఊఁ అని ఎత్తి గట్టు మీద పెట్టేశారు. వాళ్లలో ఒకావిడ నిన్ను ఎత్తుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆకులో పాకం పోసి ఇచ్చింది. నువ్వు చేతులూ బుగ్గలూ అంతా పూసుకుని నవ్వుతుంటే, నేను కారు వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను.

మీ నాన్నకి పంక్చర్ అని చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే నమ్ముతున్నాడు. నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు, నాకిక మొహమాటం లేదు.

కాబట్టి తల్లీ, అందరూ చేసినట్టు అర్ధరాత్రి బయల్దేరి సూర్యోదయానికి చెరువులవేనం కొండ మీద ఉండాలని ప్లాన్ వేశావంటే, నేను నీ బండికి అడ్డం పడుకుంటాను, నిజంగా. ముందురోజు మధ్యాహ్నం భోజనం చేసి పోండి. వెలుతురుండగానే ఘాట్ ఎక్కండి, రాత్రి అక్కడే ఉండండి. పొద్దున్నే మబ్బులు చూడటానికి నడిచి వెళ్లొచ్చు, కారు నడపక్కర్లేదు. ఎనిమిది దాటి ఎండ పడ్డాకే తాళం తిప్పు. చెరకు కోతల కాలం కదా, నర్సీపట్నం దారిలో ట్రాక్టర్లు వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా లేకుండా పోతుంటాయి, సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా పెట్టుకోకు.

ఒకవేళ మంచులో చిక్కుకుంటే? డిమ్ లైట్లు మాత్రమే. పైన వేయించుకున్న ఆ తెల్ల ఎల్‌ఈడీ బల్బులు తీయించి మామూలు పసుపు బల్బులు పెట్టించు, తెల్ల వెలుగు మంచులో మన కళ్లలోకే తిరిగొస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది, వద్దు, నువ్వు ఎటు తిరుగుతావో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? అవి ఆగినప్పుడు వేసుకునేవి. రోడ్డు ఎడమ అంచు చూసుకుంటూ పో, లోపల పాటలు ఆపి అద్దం దించు, మంచులో చెవి కూడా పనికొస్తుంది. అంచు కనపడకపోతే రోడ్డు పూర్తిగా దిగి, ఏదైనా పెట్రోల్ బంకులోనో ఊళ్లోనో ఆగిపో. ఎవడి దీపం వెనకా పోకు.

అద్దానికి లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపకు, ఏసీ వేసి పక్కన హీటర్ కూడా కలుపు, తేటపడుతుంది. ఎంత తుడిచినా జిగటగా పడుతూ తియ్యటి వాసన వస్తుంటే హీటర్‌లోంచి కూలెంట్ కారుతోందని అర్థం. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకు, ఆ చిన్న బ్రేకులు నాలుగు మలుపులకే వేడెక్కుతాయి. రాత్రి చలేస్తోందని ఇంజిన్ ఆన్‌లో ఉంచి అద్దాలు మూసుకుని కారులో ఎవ్వరూ పడుకోకూడదు. వాసన లేని పొగ అది, నిద్రలోనే తీసుకుపోతుంది. ఇది నీ స్నేహితులందరికీ చదివి వినిపించు, నవ్వినా పర్లేదు.

అన్నీ భయాలే రాశానా? చూడు, నేను ఆ బండిలో ఎంత సుఖపడ్డానో రాయడం మర్చిపోయాను. ఘాట్‌లో రెండో గేరులో అది ఎక్కుతుంటే ఆ మూడు సిలిండర్ల చప్పుడు ఉంటుందే, కుట్టుమిషన్ మీద ఎవరో పాట పాడుకుంటూ కుడుతున్నట్టు ఉంటుంది. దాన్ని తరమకు. వెనక పెద్ద కార్లు హారన్ కొడితే పక్కకి జరిగి దారివ్వు, మనకి పోయేదేం లేదు. కాఫీ తోటల దగ్గర ఆగి, ఇంజిన్ ఆపి, ఆ వేడి బానెట్ మీద రెండు అరచేతులూ పెట్టి చూడు. మీ పెద్దమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి దాని మీదే పెట్టేది, టీ కంటే ముందు చేతులు వెచ్చబడేవి.

శనివారం రా. మెకానిక్‌ని నేను పిలుస్తాను, స్టూలు వేసుకుని పక్కన కూర్చుంటాను. తాళాలు మాత్రం నన్ను అడగకు. ఆ భోగి నుంచి చలికాలం వస్తే చాలు, మీ పెద్దమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచేస్తుంది, ఎండ వచ్చాకే తీసి ఇస్తుంది. ఈసారి నీకోసం ముందే తీసి పెడతావా అని అడిగాను. జంతికలు పిండుతోంది, తల కూడా ఎత్తలేదు. "ఎనిమిది దాటాక రమ్మనండి" అంది.

పెదనాన్న